విశాఖలో పాత చేతిపనిముట్ల వేట: ఎక్కడ వెతకాలి, ఏం చూసి కొనాలి?

మర్రిపాలెం రసమట్టం

అందరికీ నమస్కారమండీ. కంచరపాలెంలో ఒక పాత ఇనప సామాను కొట్టులో బీడు ఇనుప చిత్రిక ఒకటి కంటబడింది. పొడవు 14 అంగుళాలు. వెనక పిడి, ముందు పట్టుకునే బొడిపె రెండూ ముదురు రంగు చెక్క. చేతి చెమటకి నున్నబడి మెరుస్తున్నాయి. బొడిపె పొట్టిగా ఉంది. బ్లేడు మీద స్టాన్లీ అన్న పేరు మసకమసగ్గా చదవగలిగాను. బ్లేడుని మోసే ఫ్రాగ్ వెనకాల, అడుగు పోతలోనే మూడు వరసల్లో తేదీలున్నాయి: మార్చి 25, 02, ఆగస్టు 19, 02, ఏప్రిల్ 19, 10. బ్లేడుని బిగించే లివర్ క్యాప్ మీద మాత్రం ఏ పేరూ లేదు.

కొట్టాయన తూకం లెక్కన ఇవ్వనన్నాడు. "ఇనుమైతే కిలో లెక్క బాబూ. ఇది పనిముట్టు, దీని లెక్క ఏరు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాను.

ఇది ఏ కాలందో తెలిసినవాళ్లు చెప్పండి. మన ఊళ్లో ఇలాంటివి ఇంకా ఎక్కడెక్కడ వెతకాలో కూడా చెప్పండి. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల, గాజువాక ఆటోనగర్ వైపు తిరుగుతూనే ఉన్నాను.

సానరాయి

మంచి వస్తువు దొరికింది మాస్టారూ. అది అమెరికా స్టాన్లీ కంపెనీ నెం. 5, జాక్ ప్లేన్ అనే రకం చిత్రిక. ఆ తేదీలు తయారైన రోజులు కావు, పేటెంట్లవి. మూడూ కలిసి ఉన్నాయంటే సుమారు 1910 నుంచి 1918 లోపు పోసిన అడుగు. అంతకు కాస్త ముందు వాటి మీద రెండే తేదీలుంటాయి. 1919 నుంచి ఏప్రిల్ 19, 10 ఒక్కటే మిగిలింది. పొట్టి బొడిపె ఆ లెక్కకి సరిపోయింది, పొడవు బొడిపెలు ఆ తర్వాతే వచ్చాయి. లివర్ క్యాప్ మీద పేరు లేకపోవడమూ సరిపోయింది, దాని మీద స్టాన్లీ అని పోతపోయడం 1925 ప్రాంతంలో మొదలైంది. 1933 తర్వాత వాటిలో అయితే క్యాప్ మధ్య రంధ్రం జీడిగింజ ఆకారానికి మారిపోయింది. దూరం నుంచే గుర్తుపట్టేయొచ్చు.

బ్లేడుని చూసి కాలం నిర్ణయించకండి. అది అరిగిపోయే వస్తువు. వందేళ్లలో ఎవరో ఒకరు మార్చే ఉంటారు. అడుగు, ఫ్రాగ్, లివర్ క్యాప్, చెక్క, ఈ నాలుగూ ఒకే కాలానివని తేలితే అప్పుడు అది పూర్తి సరుకు.

నెం. 5 అరుదైనది కాదు, లక్షల్లో తయారైంది. ఈ చిత్రిక అమరికని కనిపెట్టిన లియొనార్డ్ బెయిలీ పేటెంట్లని స్టాన్లీ కంపెనీ 1869లో కొనేసింది. అప్పటినుంచి ఆ అమరికే ప్రపంచమంతా నడుస్తోంది. సేకర్తలు పడిచచ్చేది నెం. 1 కోసం. అయిదున్నర అంగుళాల బుల్లి చిత్రిక అది, పనికి పెద్దగా పనికిరాదు, తక్కువే తయారైంది. కానీ మన సముద్రపు గాలిలో వందేళ్లకు పైగా నిలిచిన నెం. 5 నా దృష్టిలో చిన్న విషయం కాదు.

ఒకటి చెప్పండి. బ్లేడు బయటికొచ్చే నోటి దగ్గర, పక్కగోడలు అడుగుని కలిసే చోట పగుళ్లు ఏమైనా ఉన్నాయా? బీడు ఇనుము కిందపడితే వంగదు, విరుగుతుంది. విరిగినదాన్ని ఇత్తడితో అతికి రంగు వేసి అమ్మేవాళ్లున్నారు. గోకి చూస్తే పసుపు గీత బయటపడుతుంది. వేలితో తట్టినా తెలుస్తుంది, పగులు లేని అడుగు మోగుతుంది.

మర్రిపాలెం రసమట్టం

మోగుతోందండీ. పగులు లేదు. ఎడమ పక్కగోడ అంచు మాత్రం కొంచెం ఎగిరింది.

సానరాయి

అంచు ఎగిరితే పర్లేదు, పనికి అడ్డం రాదు. అమెరికా సరుకు మన దగ్గర కాస్త తక్కువ. ఎక్కువగా తగిలేది ఇంగ్లండుదే. స్టాన్లీ వాళ్లు 1930ల చివర్లో షెఫీల్డులోనూ తయారీ మొదలుపెట్టారు, వాటి మీద మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని ఉంటుంది. అదే షెఫీల్డులో సి అండ్ జె హాంప్టన్ వాళ్లు 1931 నుంచి రికార్డ్ పేరుతో చిత్రికలు చేశారు. నంబరుకి ముందు సున్నా ఉంటే, అంటే 04, 05 అని ఉంటే రికార్డ్‌వి. నీలం రంగు. పనితనంలో స్టాన్లీకి ఏ మాత్రం తీసిపోవు, పైగా ధర అందుబాటులో ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను రికార్డే చెబుతాను.

గాజువాక ఫిట్టర్

అందరూ చిత్రికలు, ఉలుల వెనకే పడతారు. పానాల గురించి ఎవరూ మాట్లాడరు. మన ఊరు ప్రధానంగా ఫిట్టర్ల ఊరండీ. ఓడరేవు 1933లో తెరిచారు. సింధియా ఓడల కంపెనీ వాళ్ల షిప్‌యార్డుకి 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు, 1948 మార్చి 14న నెహ్రూ జల ఉష ఓడని నీళ్లలోకి దింపారు. అటు వాల్తేరు రైల్వే షెడ్లు. ఇంతమంది చేతుల్లో తిరిగిన పానాలు, కాలిపర్లు, మైక్రోమీటర్లు ఎటు పోతాయి? మల్కాపురం, సింధియా, గాజువాక ఇళ్లలో అటకల మీదే ఉన్నాయి.

మా కొట్లలో ఎక్కువగా కనిపించేవి విట్‌వర్త్ పానాలు. వీటి సంగతి తెలియక జనం వదిలేస్తున్నారు. పానా మీద అర అంగుళం అని ఉంటుంది, పక్కన డబ్ల్యూ అక్షరం. కొలిస్తే నోరు అర అంగుళం ఉండదు, ముప్పావు కంటే పెద్దగా, 0.92 అంగుళం వస్తుంది. చూసినవాడు తప్పుడు సరుకనుకుంటాడు. అది తప్పు కాదు. విట్‌వర్త్ పద్ధతిలో పానా మీద రాసేది బోల్టు కాడ మందం. నట్టు వెడల్పు కాదు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో బోల్టు మర (చుట్టు గాడి) కోణం 55 డిగ్రీలని, ఏ సైజుకి అంగుళానికి ఎన్ని మరలని ఒక పద్ధతి పెట్టాడు. అంతకు ముందు ఒక వర్క్‌షాపు బోల్టు ఇంకో వర్క్‌షాపు నట్టుకి పట్టేది కాదు.

మనం 1956లో చట్టం చేసి దశలవారీగా మెట్రిక్‌కి మారాం. కొత్త యంత్రాలన్నీ మిల్లీమీటర్లలో వచ్చాక ఈ పానాలకి పని తగ్గిపోయింది. చెడిపోయి కాదు, పని లేక పాత ఇనుములోకి వచ్చాయి. అందుకే వాటి ఉక్కు ఇప్పటికీ గట్టిగా ఉంటుంది, నోళ్లు సాగి ఉండవు. బర్మింగ్‌హామ్ కింగ్ డిక్ వాళ్ల పానా మీద బుల్‌డాగ్ బొమ్మ ఉంటుంది, దొరికితే వదలకండి. గెడోర్ ఇండియా అని ముద్ర ఉన్నవి కూడా దాచండి. జర్మనీలో రెమ్‌షైడ్‌లో 1919లో పుట్టిన కంపెనీ పేరుతో మన దేశంలో తయారైనవి. వాటికి ఇంకా ఎవరూ విలువ కట్టడం లేదు, కట్టే రోజు వస్తుంది.

మైక్రోమీటర్ కొనేటప్పుడు రెండు మొహాలూ పూర్తిగా కలిపి సున్నా గీత చూడండి. కలవకపోతే సరిచేసుకోవచ్చు. కానీ తిప్పుతుంటే ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా తగిలితే మర అరిగినట్టే. షెల్ఫ్‌లో పెట్టుకోవడానికి తప్ప పనికి రాదు.

రైల్వే న్యూకాలనీ

ఫిట్టర్ గారు రైల్వే మాట ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పాలి. సుత్తుల మీద, పెద్ద పానాల మీద బి.ఎన్.ఆర్. అని ముద్ర కనిపిస్తే అది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1952లో ఆ పేరు పోయింది, 1955లో సౌత్ ఈస్టర్న్ వచ్చింది. ఎం.ఎస్.ఎం. అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా, 1951లో సదరన్ రైల్వేలో కలిసింది. ఉత్తరం నుంచి వచ్చే బి.ఎన్.ఆర్., దక్షిణం నుంచి వచ్చే ఎం.ఎస్.ఎం. రెండూ కలిసింది మన వాల్తేరులోనే. రెండు ముద్రలూ ఒకే ఊళ్లో దొరికే అవకాశం ఎన్ని ఊళ్లకుంది! కాలం తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు.

అయితే జాగ్రత్త. రైల్వే సొత్తు అక్రమంగా దగ్గర పెట్టుకోవడం నేరం, దానికి 1966లో ప్రత్యేకంగా చట్టమే ఉంది. వేలంలో అమ్మిన సరుకే అని కాగితం చూపించగలిగితేనే కొనండి. ముద్రని ఆకురాయితో అరగదీసిన వస్తువు ఎంత ముచ్చటగా ఉన్నా తాకకండి. అరగదీశాడంటేనే అర్థం చేసుకోవాలి. నౌకాదళం ముద్రలకీ ఇదే మాట.

హార్బర్ మనవరాలు

ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాయలేదు. ఇవాళ రాయాలనిపించింది. పైన అందరూ షెఫీల్డు, బర్మింగ్‌హామ్, అమెరికా అంటున్నారు. అవి గొప్పవే, కాదనను. కానీ వాటి కేటలాగులు దొరుకుతాయి, ఏ ఏడాది ఏ స్క్రూ మారిందో రాసిపెట్టినవాళ్లున్నారు. మన కమ్మరి కొట్టిన బాడిసకి, అదే చెక్క చెక్కే పనిముట్టుకి, ఏ కేటలాగుంది?

మా తాతయ్య చెక్క పడవలు కట్టేవారు. ఆయన పెట్టెలో ఒక్క కంపెనీ పేరు లేదు. బాడిస, ఉలులు, తాడుతో తిప్పే బరమా, పలకల సందుల్లో నూలు కూరే మొండి ఉలి, చెక్క సుత్తి. అన్నీ కొలిమిలో కొట్టించుకున్నవే. బాడిసని వెలుతురులో వాలుగా పట్టుకుని చూస్తే అంచుకి కాస్త పైన సన్నటి గీత కనిపిస్తుంది. గీతకి పైన మెత్తటి ఇనుము, కింద ఉక్కు. రెండూ ఎర్రగా కాల్చి కొట్టి అతికారు. మొత్తం ఉక్కుతో చేస్తే దెబ్బకి పెళుసుగా విరుగుతుంది, మొత్తం ఇనుముతో చేస్తే పదును నిలవదు. నూరి నూరి ఆ గీత అంచుకి దగ్గరైన కొద్దీ బాడిస ఆయుష్షు తగ్గుతున్నట్టు. తాతయ్య బాడిసలో ఇంకా ఒక వేలు ఉక్కు మిగిలి ఉంది. తుమ్మ పిడి మీద కుడిచేయి పట్టే చోట చిన్న పల్లం పడింది, బొటనవేలు సరిగ్గా అందులో కూర్చుంటుంది. నా వేలు కూర్చోదు, ఆయనది పెద్ద చెయ్యి.

నూలు కూరే ఉలిని చూసి చాలామంది పదును పోయిన ఉలి అనుకుంటారు. దానికి పదును ఉండకూడదు. ఉంటే నూలు తెగిపోతుంది. అంచు మందంగా, నున్నగా ఉండాలి. ఆ ఉలితో నూలుని సందులోకి దిగ్గొట్టి, పైన గుగ్గిలం నూనెలో కాచి పూసేవారు. ఇప్పుడు ఫైబర్ పడవలొచ్చాయి, కూరడానికి సందులే లేవు. ఆ ఉలులు పాత ఇనుములోకి వెళ్లిపోతున్నాయి. స్టాన్లీ నెం. 1 ప్రపంచంలో ఎక్కడో ఒకచోట భద్రంగానే ఉంటుంది. మన తీరం పడవ ఉలి ఇక్కడ పోతే ఇంకెక్కడా లేదు. నాకు అదే అరుదైన వస్తువు.

గాజువాక ఫిట్టర్

అమ్మా, చాలా మంచి మాట రాశారు. నూలు కూరే ఉలి నేనూ మొద్దుబారిన ఉలుల కుప్పలోనే చూశాను. రేపు మళ్లీ వెళ్లి వెతుకుతాను.

అక్కయ్యపాలెం కొత్త

మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. మా నాన్నగారి పనిముట్లు 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి షెడ్డు రేకులు ఎగిరిపోయి బాగా తడిశాయి. అప్పటినుంచి గోనెసంచిలోనే ఉన్నాయి. ఇప్పుడు తీసి చూస్తే తుప్పు పొలుసులుగా రాలుతోంది. యాసిడ్‌లో వేయమని ఒకరు, గ్రైండర్ పెట్టమని ఒకరు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. పాడైపోతాయేమోనని ముట్టుకోవట్లేదు.

సానరాయి

రెండూ చేయకండి. గ్రైండర్ పెడితే తుప్పుతో పాటు ముద్రలు, అంచులు కూడా పోతాయి. పైగా ఆ వేడికి ఉలి అంచు నీలంగా మారిందంటే పదును నిలబెట్టే గట్టిదనం పోయినట్టే. యాసిడ్ తుప్పు తిన్నాక ఇనుమునీ తింటుంది.

కరెంటుతో తీసే పద్ధతి నేర్చుకోండి. ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు, అందులో బట్టల సోడా కలపండి. పనికిరాని మామూలు ఇనప రేకు ఒక పక్క, మీ పనిముట్టు ఇంకో పక్క, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయండి. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ తీసుకుని మైనస్ తీగ పనిముట్టుకి, ప్లస్ తీగ రేకుకి. ఇది తారుమారైతే పనిముట్టే కరిగిపోతుంది, కాబట్టి స్విచ్ వేసేముందు మళ్లీ చూసుకోండి. రేకు బదులు స్టీలు గిన్నె, స్టీలు గరిటె ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. అందులోని క్రోమియం విషమై నీళ్లలో కలుస్తుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి తొట్టెని డాబా మీదో వరండాలోనో పెట్టండి, దగ్గర్లో మంట ఉండకూడదు. చెక్క పిడులు ముందే ఊడదీయండి. ఛార్జర్ ఆపాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి.

బయటికి తీశాక నల్లటి పొర ఉంటుంది, బ్రష్‌తో పోతుంది. కడిగి, ఆరబెట్టి, వెంటనే కుట్టుమిషను నూనె పూయండి. మన ఊళ్లో ఈ "వెంటనే" అన్నది మర్చిపోకూడదు. వానాకాలంలో టీ తాగి వచ్చేలోపు ఎర్రబడుతుంది. కొబ్బరినూనె వద్దు. గోనెసంచి అసలే వద్దు, తేమని పట్టి ఉంచుతుంది.

పాతనగరం పెట్టె

సానరాయి గారి పద్ధతి పనిచేస్తుంది, కాదనను. కానీ అన్నిటికీ అది చేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పొలుసులు రాలే తుప్పు వేరు, ఏళ్ల తరబడి చేతి జిడ్డు పట్టి గోధుమరంగులో స్థిరపడిన పొర వేరు. రెండోది ఇనుముని కాపాడుతుంది. దాన్ని తోమేసి తెల్లగా మెరిపిస్తే మార్కెట్లో కొత్త సరుకులా కనిపిస్తుంది, అంతే. పిడి మీద పాత మనిషి కత్తితో చెక్కుకున్న గుర్తో, ఇంటిపేరు మొదటి అక్షరమో ఉంటుంది. గరుకు కాగితంతో రుద్దితే ఆ మనిషి ఆనవాలు పోతుంది. మెత్తటి గుడ్డ, కాస్త నూనె, అంతకు మించి అక్కర్లేదు.

మన ఊరికే చెందిన ఇంకో సంగతి. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం దంతపు పనికి పెద్ద పేరు. చందనం, నల్లచేవ చెక్క పెట్టెలకి దంతపు పలకలు తాపి, వాటి మీద తీగలూ పువ్వులూ చెక్కి, ఆ గీతల్లోకి నల్ల లక్క నింపేవారు. ఆ పెట్టెలు ఇప్పటికీ విదేశీ మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ పెట్టెల గురించి రాసినవాళ్లున్నారు, వాటిని చేసిన సన్న రంపాలు, గీత చెక్కే ములుకులు, గోకుడు బిళ్లల గురించి పట్టించుకున్నవాళ్లు అరుదు. పాత పోస్టాఫీసు చుట్టుపక్కల పెంకుటిళ్లు కూలుస్తున్నప్పుడల్లా వెళ్లి చూస్తుంటాను. వేలి వెడల్పు కూడా లేని రంపం, ఒత్తుగా పళ్లున్నది కనిపిస్తే దయచేసి పడేయనివ్వకండి.

చట్టం కూడా తెలుసుకోవాలి. దంతం ఉన్న వస్తువు, అది పాత కొలబద్ద అయినా సరే, పిడి అయినా సరే, మన దేశంలో అమ్మడం కొనడం నేరం. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువుని దేశం దాటించకూడదని 1972 పురావస్తు చట్టం చెబుతోంది. విదేశీ సేకర్తలు మెసేజ్ పెట్టి ఎక్కువ ధర ఇస్తామంటారు, ఆశపడకండి. పసుపు చెక్క, ఇత్తడి కీళ్లతో రాబోన్ కొలబద్దలు కావలసినన్ని ఉన్నాయి, అవి కొనుక్కోండి.

సానరాయి

పెట్టె గారితో సగం ఒప్పుకుంటాను. షెల్ఫ్‌లో పెట్టేవాటికి ఆయన మాటే సరి. కానీ నేను పనిచేసుకునే మనిషిని. ఉలి వీపు అద్దంలా చదునుగా లేకపోతే పదును రాదు, అక్కడ పాత పొర ఉంచి లాభం లేదు. వీపు చివర అంగుళం మేర చదును చేసుకుని మిగతాది ముట్టుకోకుండా వదిలేస్తాను.

ఉలుల మీద "కాస్ట్ స్టీల్" అని చూసి బీడు ఇనుమని వదిలేసేవాళ్లున్నారు. అది మూసలో కరిగించిన ఉక్కు, షెఫీల్డులో 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మొదలుపెట్టిన పద్ధతి. ఆ ముద్ర ఉంటే సాధారణంగా పాత ఉలి. మూసలో ఉక్కు చేయడం మన తెలుగు నేలకి అంతకంటే ఎన్నో వందల ఏళ్ల ముందే తెలుసు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు.

మర్రిపాలెం రసమట్టం

నేను చిత్రిక ఒక్కటి అడిగితే ఇంత వచ్చింది, అందరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. ఇంకా పనిచేస్తున్న వడ్రంగి దగ్గర పాత పనిముట్టు చూస్తే కొనడం న్యాయమేనా? జ్ఞానాపురంలో ఒకాయన దగ్గర షెఫీల్డు రంపం ఉంది. అడగాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

గాజువాక ఫిట్టర్

అడగకండి. ఆయన అవసరంలో ఉండి సరే అంటాడు, మర్నాడు పనికి పళ్లు వంగే రంపం కొనుక్కుంటాడు. మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి. పని మానేసిన రోజున ఎవరికి ఇవ్వాలో ఆయనే నిర్ణయించుకుంటాడు. మా వైపు రిటైరైన ఫిట్టర్లు అలా పిలిచి ఇచ్చినవే నా దగ్గర మంచి వస్తువులు. బేరం కూడా ఆడను.

హార్బర్ మనవరాలు

ఫిట్టర్ గారి మాటే నాదీ. ఇంకొకటి. వస్తువు ఇచ్చినవాళ్లని ఊరికే వదిలి రాకండి. ఎవరు కొట్టారు, ఏ ఊరి కొలిమి, ఏ చెక్కకి వాడారు, ఏ పనికి వాడారు, అడిగి ఒక చీటీ మీద రాసి దానికే కట్టండి. కంపెనీ ముద్ర లేని వస్తువుకి ఆ చీటీయే ముద్ర.

తాతయ్యని అడిగాను, రమ్మన్నారు. వచ్చే ఆదివారం పొద్దున్న పది తర్వాత రావచ్చు, ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గరికి నేనొస్తాను. నూలు ఎలా కూరాలో చేసి చూపిస్తానంటున్నారు. ఒక పాత పలక ముక్క ఎవరైనా తెస్తే బాగుంటుంది, మద్ది అయినా టేకు అయినా పర్లేదు, రెండు అంగుళాల మందం ఉండాలి. ఫోన్లో వీడియో తీసుకోవచ్చు. ఆయనకి కుడిచెవి సరిగ్గా వినపడదు, ఎడమవైపు కూర్చుని కాస్త గట్టిగా మాట్లాడండి. పెట్టెలో వస్తువులకి ధర మాత్రం అడగొద్దు.

గాజువాక ఫిట్టర్

పలక నేను తెస్తాను. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ల దగ్గర టేకు ముక్కలుంటాయి.